నిలిచిన సొమ్మును విడిపించుకొనుట ఎట్లు?

(పెడనలో చేనేత, అద్దకపు పనివారల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



మగ్గమును గురించి గాని, అచ్చును గురించి గాని, తుప్పు ఇనుము, బెల్లము నానబెట్టి తీయు నలుపును గురించి గాని పెడనలో ఉపన్యసించుట సాహసమగును. ఆ విద్య మీది. నేడు మేము మాటలాడ దలచినది మీ అంగడి గోడకు అతికించియున్న నలుపు తెలుపు గళ్ళ చీటీని గురించి. కొనువారు దానికెదురుగా ఫోను పట్టుదురు, పిన్ను నొక్కుదురు, మీ బల్లమీది చిన్న పెట్టె ఇంత సొమ్ము వచ్చినదని బిగ్గరగా పలుకును. జాతీయ చెల్లింపుల సంస్థవారు 2016 ఏప్రిల్‌లో యూపీఐ అను ఈ పద్ధతిని ఆరంభించినపుడు, ఇది పెద్ద పట్టణముల వేడుక యనియే పలువురు తలచిరి. కొలది యేండ్లలోనే అది గుడివాడ కూరగాయల బజారునకు, చిలకలపూడి రోల్డుగోల్డు నగల అంగళ్ళకు, దివిసీమ రొయ్యల చెరువు గట్టునకు వచ్చి చేరినది. పెడనలో దుప్పటి కొనువాడు చిల్లర లేదనుట మానినాడు.

ఇట్లు వచ్చిన సొమ్ము ఒకనాడు ఉన్నట్లుండి నిలిచిపోవుట కలదు. ఖాతాలో అంకె కనబడుచునే యుండును. తీయబోయిన రాదు, పంపబోయిన పోదు. నూలు వర్తకుడు తన బాకీకి వచ్చి కూర్చుండును. అచ్చులు వేయువారికి, గుడ్డలు ఉడుకబెట్టువారికి వారపు కూలి ఇయ్యవలెను. ఇంట పిల్లవాని కళాశాల రుసుమునకు గడువు దగ్గరపడును. ధనవంతునికి ఇది చికాకు మాత్రమే. చేతిపనిమీద బ్రదుకువానికి మాత్రము ఒక వారము ఖాతా ఆగిన మగ్గము ఆగును, పొయ్యి ఆగును. అందుచేత ఈ విషయమును కొంచెము విపులముగా చెప్పుకొనుట అవసరమని తలచినాము.

నిలిచిన సొమ్ము పోయిన సొమ్ము కాదు. ఇది మొదట గుర్తుంచుకొనవలెను. కాని ఎందుచేత నిలిచినదో తెలిసికొనక విడిపించుకొనుట సాధ్యము కాదు. జ్వరమన్న జ్వరమే అయినను, మలేరియాకు ఇచ్చు మందు టైఫాయిడుకు పనిచేయదు గదా.

కొన్ని వేళల సొమ్ము త్రోవలోనే చిక్కుకొనును. పంపినవాని ఖాతాలో తరిగినది, పుచ్చుకొనువాని ఖాతాలో చేరలేదు. దీనికి కలత చెంద నక్కరలేదు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు విధించిన గడువు ప్రకారము, ఒక మనిషి మరియొక మనిషికి యూపీఐ ద్వారా పంపిన సొమ్ము ఇట్లు చిక్కినచో మరుసటి దినము ముగియులోగా తిరిగి రావలెను. అంతకు మించి జాగు జరిగినచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము, ఖాతాదారుడు అడుగకయే, జమ చేయవలెను. దుకాణదారునకు చేసిన చెల్లింపు విషయమున ఆ గడువు ఐదు దినములు. సొమ్ము చేరలేదను తొందరలో వెంటనే రెండవసారి పంపుటయే ఇందు జరుగు నష్టము. కొనువారు అట్లు పంపబోయినచో ఆగుమని చెప్పుట అంగడివారి మర్యాద.

మరికొన్ని ఖాతాలు మన అశ్రద్ధ వలన నిలుచును. రెండేండ్లకు మించి ఖాతాదారుడు తానుగా ఏ లావాదేవీ జరుపనిచో ఆ ఖాతాను బ్యాంకు వారు పనిలో లేని ఖాతాగా లెక్కింతురు. కేవైసీ కాగితములు గడువునకు ఇయ్యనిచో కూడ ఖాతాకు ఆటంకము కలుగును. ఆధార్ కార్డు, ఫోటో తీసికొని శాఖకు వెళ్ళిన చాలును. ఆగిన ఖాతాను మరల నడిపించుటకు రుసుము పుచ్చుకొనరాదని 2024 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన రిజర్వు బ్యాంకు ఉత్తరువు చెప్పుచున్నది. కావున, ‘ఖాతా తెరిపించెదను, ఐదువందలు ఇమ్ము’ అను మధ్యవర్తికి దణ్ణము పెట్టి పంపివేయవలెను. పదియేండ్లు ఎవరును అడుగని నిలువ రిజర్వు బ్యాంకువారి నిధికి చేరును. అప్పటికిని దానిపై ఖాతాదారునకు గాని వారసులకు గాని హక్కు పోదు. తాతగారి పెట్టెలో పాత పాస్‌బుక్కు దొరకినవారు దానిని చెత్తలో వేయక బ్యాంకు వారికి చూపుట మేలు. 2023లో రిజర్వు బ్యాంకు ఆరంభించిన ఉద్గమ్ అను సదుపాయము ద్వారా ఇట్టి నిలువలను వెదకుటకు వీలు కలదు.

చెల్లింపుల కంపెనీల వలన కూడ సొమ్ము నిలుచుట కలదు. 2024 జనవరి 31న రిజర్వు బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై ఆంక్షలు విధించెను. ఆ సంవత్సరము మార్చి 15 తరువాత ఆ బ్యాంకు ఖాతాలలోనికి, వాలెట్లలోనికి కొత్త సొమ్ము వేయుటకు వీలు లేకపోయెను. ఉన్న నిలువను తీసికొనుటకు ఖాతాదారులకు అనుమతి నిలిచియే యుండెను. ఆ దినములలో గోడమీది చీటీ చూచి గుండె బాదుకొన్న దుకాణదారులు కొందరు నిజముగా బాధపడ నక్కరలేనివారు. వారి చీటీ ఆ కంపెనీదే అయినను, సొమ్ము పడుచున్నది వేరొక బ్యాంకులో. చీటీ ఎవరిది, యాప్ ఎవరిది, సొమ్ము తుదకు ఏ బ్యాంకులో ఏ శాఖలో పడుచున్నది అను మూడు సంగతులు వేరు వేరు. ఇందు మూడవది తెలియకుండ అంగడి నడుపరాదు.

సముద్రము దాటి వచ్చు సొమ్ము సంగతి మరియొకటి. మన అద్దకములకు విదేశ వ్యాపారము కొత్త కాదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారు బందరులో వర్తకస్థానము నెలకొల్పుటకు ముఖ్య కారణములలో ఈ గుడ్డలొకటి. నేడు విదేశమందలి కొనుగోలుదారుడు పేపాల్ వంటి సంస్థ ద్వారా ఇంటినుండియే చెల్లింపగలడు. అయితే, సరకు చేరలేదనియో, రంగు వెలిసినదనియో అతడు ఫిర్యాదు చేసినచో, ఆ సంస్థ అమ్మకందారుని సొమ్మును 180 దినముల వరకు ఆపియుంచు హక్కును తన ఒడంబడికలోనే వ్రాసికొన్నది. 2010 ఆరంభమున భారతదేశమునకు వచ్చు వ్యక్తిగత చెల్లింపులను, ఇక్కడి బ్యాంకులలోనికి సొమ్ము మార్చుకొను సదుపాయమును పేపాల్ వారు హఠాత్తుగా ఆపివేయగా, దేశములో పలువురు చిన్న వర్తకుల, ఇంటినుండి పనిచేయువారి సొమ్ము మార్చి నెల వరకు చిక్కుకొన్నది. మన దేశములోని వారి నడుమ చెల్లింపులకు ఆ సంస్థ సేవ 2021 ఏప్రిల్ 1 నుండి లేదు. విదేశపు అమ్మకములకు మాత్రమే మిగిలినది. విదేశమునకు పంపువారు తపాలా రశీదును, పార్సెలు సంఖ్యను, కట్టుటకు ముందు తీసిన ఫోటోను, కొనుగోలుదారునితో జరిపిన ఉత్తరప్రత్యుత్తరములను దాచియుంచినచో ఫిర్యాదు వచ్చిననాడు జవాబు చెప్పగలరు. ఆ సంస్థ ఖాతాలో సొమ్ము పేరుకొననీయక వచ్చినది వచ్చినట్లు బ్యాంకునకు మార్చుకొనుట క్షేమము.

ఇంతవరకు చెప్పినవి తేలికగా తీరు చిక్కులు. నిజముగా మనుష్యులను కుంగదీయుచున్నది మరియొకటి. ఏ తప్పును చేయని అంగడివాని ఖాతా, ఎక్కడనో జరిగిన మోసము కారణముగా, పోలీసు ఫిర్యాదుపై ఆపివేయబడుట. దీనినే బ్యాంకు వారు ఫ్రీజ్ అందురు; కొంత మొత్తమునకు మాత్రమే పట్టుబడి పెట్టినచో లీన్ అందురు. ఈ రెండు మాటలకు గల భేదమును మరువవద్దు.

ఇది జరుగు తీరు డెల్టా రైతునకు చెప్పుట సులభము. పెద్ద కాలువకు ఎవడో దొంగగండి కొట్టినాడనుకొందము. నీరు ఒక పిల్లకాలువలో పడి, అందుండి నాలుగు బోదెలలోనికి, ఆ బోదెలనుండి పది మళ్ళలోనికి పోవును. మోసగాడు దోచిన సొమ్మును అట్లే పారించును. ఒక ముసలమ్మగారి ఖాతానుండి కాజేసిన రెండు లక్షలు గంట తిరుగకముందే ఐదారు ఖాతాలకు, అందుండి మరి ఇరువదింటికి చీలిపోవును. ఆ ఇరువది ఖాతాలలో ఒకదానివాడు పెడనకు వచ్చి 4,200 రూపాయలకు దుప్పట్లు కొని ఫోనుతో చెల్లించెను. దుప్పట్లు మంచివి, ధర న్యాయమైనది, అమ్మినది నిజము. అయినను ఆ 4,200 దొంగనీరే.

అటు ముసలమ్మగారు 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించినారు. ఇది కేంద్ర హోం మంత్రిత్వశాఖ వారి సైబరు నేరముల సమన్వయ కేంద్రము క్రింద నడుచుచున్నది. 2021లో ఇది మొదలైనపుడు సంఖ్య 155260; తరువాత 1930 అయినది. ఫిర్యాదు వ్రాసికొనినవెంటనే మొదటి బ్యాంకునకు వర్తమానము పోవును. సొమ్ము అక్కడ ఉన్నచో ఆపుదురు. దాటిపోయియున్నచో ఏ బ్యాంకునకు పోయినదో చూచి అక్కడికి వర్తమానము పంపుదురు. ఇట్లు నీటి వెంట పోయి పోయి ఒక్కొక్క తూమునే మూయుచు వత్తురు. తుదకు పెడన మడి తూము కూడ మూతపడును. మడిలో దొంగనీరు చారెడు, సొంతనీరు నిండుగా ఉన్నదని ఆ దూరపు అధికారికి తెలియదు.

మరునాడు అంగడి యజమానురాలు బ్యాంకునకు వెళ్ళును. సంభాషణ సాధారణముగా ఇట్లుండును:

“మేనేజరు గారూ, మా ఖాతా ఎందుకు ఆపినారండీ?”

“మేము ఆపలేదమ్మా, పైనుండి వచ్చినది.”

“పైనుండి అంటే ఎవరండీ?”

“సైబరు పోలీసులమ్మా.”

“ఏ ఊరి పోలీసులండీ?”

ఇక్కడ మేనేజరు గారు కంప్యూటరు వంక చూడవలసి వచ్చును. పలువురు ‘పైనుండి’ అను మాటకే భయపడి ఇంటికి వచ్చివేయుదురు. కడపటి ప్రశ్న అడుగరు. అడుగవలసినది అదియే. ఏ రాష్ట్రములో ఏ పోలీసు స్టేషను కోరికపై ఆపినారు, ఫిర్యాదు సంఖ్య ఏమి, వివాదమునకు లోనైన లావాదేవీ ఏ తేదీది, దాని యూటీఆర్ సంఖ్య ఏమి, ఆ మొత్తమెంత, ఆపినది ఆ మొత్తమునేనా లేక ఖాతా యావత్తునా అను సంగతులను వ్రాతపూర్వకముగా కోరవలెను. నోటిమాటకు బ్యాంకులో విలువ తక్కువ. కాగితమునకు జవాబు చెప్పక తప్పదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరున ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిన ప్రాంతమిది. 2020 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో విలీనమైనను, మేనేజరు బల్లయెదుట కూర్చుండి మాటలాడు అలవాటు ఇక్కడి వర్తకులకు పోలేదు. యాప్‌లో మీటలు నొక్కుచు దినములు గడుపుటకంటె ఆ పాత అలవాటు ఇట్టి వేళ ఎక్కువ పనికివచ్చును.

వివరములు చేతికి వచ్చిన తరువాత ఆ పోలీసు స్టేషనులోని దర్యాప్తు అధికారికి మనవి పంపవలెను. అది ఏ గుజరాతులోనో, రాజస్థానములోనో ఉండవచ్చును. వెంటనే రైలెక్క నక్కరలేదు. ఆనాటి బిల్లు, సరకు పుస్తకములో ఆ పుట, కొన్నవాని ఫోను సంఖ్య యున్నచో అది, అంగడి లైసెన్సు లేదా నేతపనివారి గుర్తింపు కార్డు నకలు, ఖాతా పట్టీ జతచేసి ఈమెయిలు ద్వారాను, స్పీడ్ పోస్టు ద్వారాను పంపవచ్చును. ఇంగ్లీషులో వ్రాయుట మంచిది. ఊరిలో ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు ఈపాటి సహాయము చేయకపోరు. అమ్మకము నిజమని అధికారికి తృప్తి కలిగినచో ఆయన బ్యాంకునకు వ్రాసి అడ్డు తీయించును, లేదా వివాదపు మొత్తమునకు మాత్రమే దానిని పరిమితము చేయించును.

పోలీసు వారికి ఈ అధికారము ఎక్కడిదని కొందరు అడుగుచున్నారు. బ్యాంకు ఖాతా కూడ స్వాధీనపరచుకొనదగిన ఆస్తియేనని సుప్రీంకోర్టు 1999లోనే తీర్పు చెప్పినది. పూర్వము క్రిమినల్ ప్రొసీజర్ కోడు 102వ సెక్షనులో నున్న ఆ అధికారము, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షను అయినది. అయితే ఆ సెక్షనులోనే మరియొక విధి కూడ కలదు. స్వాధీనపరచుకొన్న సంగతిని పోలీసు అధికారి వెంటనే మేజిస్ట్రేటునకు తెలియజేయవలెను. అధికారి జవాబీయనిచో ఖాతాదారుడు ఆ సంహితలోని 503వ సెక్షను క్రింద మేజిస్ట్రేటునకు దరఖాస్తు చేసికొనవచ్చును. అప్పటికిని న్యాయము కలుగనిచో హైకోర్టు కలదు.

హైకోర్టులు ఈ విషయమున మౌనముగా లేవు. ఫిర్యాదులో చూపిన మొత్తమునకే అడ్డు పరిమితము కావలెనని, ఖాతా యావత్తును మూయరాదని 2023లో కేరళ హైకోర్టు బ్యాంకులను ఆదేశించినది. 2024లో ఢిల్లీ హైకోర్టు ముందునకు ఇంకను విచిత్రమైన కేసు వచ్చినది. చోలే భటూరే అమ్ముకొను ఒక చిరువ్యాపారి ఖాతాలో 105 రూపాయలు దొంగసొమ్ము పడెనట. ఆ 105 కొఱకు అతని ఖాతా సర్వము ఆపివేయబడినది. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమనగా ఇదియే. ఆ మోసములో అతనికి భాగమున్నదని చూపునది ఏమియు లేదని గమనించి, ఖాతాను నడువనిమ్మని న్యాయస్థానము ఆదేశించినది. మనవి వ్రాయునపుడు, ‘వివాదపు మొత్తము ఇంత, దానిని పట్టియుంచుడు, తక్కిన ఖాతాను నడువనిండు’ అని వ్రాయుట ఈ తీర్పులకు అనుగుణమైన కోరిక. మొత్తము విడువుడని పట్టుబట్టుటకంటె ఇది త్వరగా ఫలించును.

ప్లీడరు ఫీజునకు శక్తి లేనివారు నిరాశ చెంద నక్కరలేదు. బందరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఆదాయముతో పనిలేకుండ అక్కడ ఉచితముగా న్యాయసహాయము లభించును. ఇతరులకు ఆదాయపు పరిమితి కలదు. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు. ఇక బ్యాంకు వారే వివరములీయక త్రిప్పుచున్నచో, వ్రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి 30 దినములు చూచి, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాసికొనవచ్చును. దానికి రుసుము లేదు. సమాచారమునకు 14448 అను సంఖ్య కలదు. అయితే పోలీసు వారి ఉత్తరువును అంబుడ్స్‌మన్ కొట్టివేయజాలడు. బ్యాంకు చేసిన లోపమును మాత్రమే సరిదిద్దును. ఈ భేదము తెలియక అక్కడ నెలలు పోగొట్టుకొనరాదు.

ఇంత విన్నతరువాత, ఖాతాలు ఆపు ఈ పద్ధతినే రద్దు చేసిన బాగుండునుగదా అని మీలో కొందరికి తోచవచ్చును. మేము దానికి సమ్మతింపము. రేపు ఆ మోసము మీ ఇంటనే జరుగవచ్చును. పింఛను కొఱకు దాచిన సొమ్మును, ఆడపిల్ల పెండ్లికై చేర్చిన సొమ్మును ఎవడో ఫోనులో మాయమాటలు చెప్పి కాజేసినపుడు, దానిని పట్టి నిలుపగలది ఈ తూము ఒక్కటే. అట్టి సమయమున సిగ్గుపడి దాచుకొనవద్దు, ఇంటిలో ఒకరినొకరు నిందించుకొనుచు ప్రొద్దు పుచ్చవద్దు. మొదటి గంటలోనే 1930కి ఫోను చేయవలెను. ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఎంత మొత్తము, యూటీఆర్ సంఖ్య ఎంత అను నాలుగు ముక్కలు చెప్పిన చాలును. ఆపగలిగిన సొమ్ము న్యాయస్థానపు ఉత్తరువుతో మీకు తిరిగి చేరును. తెలంగాణములో 2024లో లోక్ అదాలతుల ద్వారా పలువురు బాధితులకు ఇట్లు సొమ్ము ఇప్పించినారు. దోచబడినవానికి రక్షణయైన తూమే, అమాయకుడైన అంగడివానికి అడ్డమగుచున్నది. తూమును పగులగొట్టుట కాక, దొంగనీరెంతో అంతకే మూయించుట మనము కోరవలసినది.

సొమ్ము ఆగిన వార్త తెలిసి మీ చుట్టు చేరువారు కొందరుందురు. ‘మేము సైబరు ఆఫీసునుండి మాటలాడుచున్నాము, పదివేలు కట్టిన మీ ఖాతా తెరుతుము’ అని ఫోను చేయుదురు. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు, ఉన్న బాధకు ఇదొకటి తోడగును. ఖాతా విడుచుటకు పోలీసులు గాని బ్యాంకు గాని ఫోనులో రుసుము అడుగరు. పిన్ను నొక్కవలసినది సొమ్ము పంపుటకే. సొమ్ము రావలెనన్న పిన్నుతో పనిలేదు. ఈ ఒక్కమాట ఇంటిలోని వృద్ధులకు పదిమార్లు చెప్పవలెను.

మన యువకులకు వేరుగా చెప్పవలసినది కలదు. ‘నీ ఖాతా పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము మాకిమ్ము, నెలకు ఇంత ఇత్తుము’ అని ఆశ పెట్టువారు పల్లెలకు వచ్చుచున్నారు. వారు అద్దెకు పుచ్చుకొనునది ఖాతా కాదు, ఆ కుర్రవాని పేరు. తిలాపాపము తలా పిడికెడు అన్నట్లు ఆ దొంగసొమ్ములో అతడు పాలివాడగును. పోలీసులు మొదట పట్టుకొనునది అతనినే. ఏమియు ఎరుగని అంగడివాడు బిల్లు చూపి బయటపడగలడు. ఖాతాను అద్దెకిచ్చినవాడు చూపుటకు ఏమియు ఉండదు.

అంగడివారు ముందుగా తీసికొనదగిన జాగ్రత్తలు కొన్ని కలవు. అన్నిటికంటె ముఖ్యమైనది, ఇంటి ఖాతాను, వ్యాపారపు ఖాతాను వేరు చేయుట. గోడ చీటీకి కలిపిన ఖాతాలో వారమునకు సరిపడు సొమ్ము మాత్రము ఉంచి, మిగిలినదానిని వేరొక బ్యాంకులోని ఇంటి ఖాతాకు మార్చుకొనుచుండవలెను. ఒకటి ఆగినను పొయ్యి ఆరదు. పరిచయము లేనివాడు పెద్ద మొత్తమున కొన్నచో పేరు, ఊరు, ఫోను సంఖ్యతో బిల్లు వ్రాయవలెను. రెండు రూపాయల కార్బను కాగితము రెండు నెలల తిరుగుడును తప్పించును. కొందరు సరకేమియు కొనక, ‘అన్నగారూ, ఫోనులో ఐదువేలు పంపెదను, నాకు నగదు ఇయ్యండి, నూరు మీరు ఉంచుకొనుడు’ అని మర్యాదగా అడుగుదురు. దొంగసొమ్మును నగదుగా మార్చు మార్గములలో ఇదొకటి. నూరు రూపాయల ఆశకు బిల్లులేని ఐదువేలు మీ ఖాతాలో పడును. రేపు అడిగినవారికి చెప్పుటకు జవాబుండదు. ‘పొరపాటున ఎక్కువ పంపితిని, ఈ వేరొక సంఖ్యకు త్రిప్పి పంపుము’ అనువానితోను ఇంతే. నీవు పంపిన బ్యాంకులోనే అడుగుము, వారు చెప్పినచో ఇత్తును అని నిదానముగా చెప్పవలెను.

ఖాతా ఆగినవారు బ్యాంకు శాఖకు ఇయ్యదగిన మనవి పత్రము ఈ విధముగా ఉండవచ్చును:

“శాఖ మేనేజరు గారికి. మా ఖాతా సంఖ్య ఇది. ఇది మా చేనేత, అద్దకపు వస్త్రముల అమ్మకమునకు వాడుచున్న ఖాతా. ఫలానా తేదీనుండి ఇందు లావాదేవీలు ఆగినవి. ఏ అధికారి కోరికపై ఆపబడినదో, ఫిర్యాదు సంఖ్య ఏమో, వివాదమునకు లోనైన లావాదేవీ తేదీ, యూటీఆర్ సంఖ్య, మొత్తము ఎంతయో దయచేసి వ్రాతపూర్వకముగా తెలుపుడు. ఆ కోరిక నకలును ఇప్పింపుడు. వివాదపు మొత్తమును మాత్రము పట్టియుంచి, మిగిలిన సొమ్ముతో ఖాతాను నడువనీయుటకు అనుమతి కొఱకు సదరు అధికారికి మీరును వ్రాయ ప్రార్థన. మా బిల్లు నకలు, సరకు పుస్తకపు పుట నకలు జతచేసినాము.”

దీనిని రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై శాఖవారి ముద్ర, తేదీ వేయించుకొని ఇంటికి తెచ్చుకొనవలెను. 30 దినముల గడువు లెక్కించునది ఆ తేదీనుండియే. ఈ పత్రపు నమూనా ప్రతులు సభ ముగిసిన తరువాత ద్వారము చెంత ఇయ్యబడును. ఇప్పటికే ఖాతా ఆగియున్నవారు తమ పాస్‌బుక్కు వెంట తెచ్చియున్నచో, పత్రము నింపుటకు మావారు అచ్చటనే సహాయపడుదురు.